గాలి నిమిషాలు

సీటు బెల్టు బకిల్ బరువుగానే ఉంది గానీ ఊడి చేతిలోకి రాదు, బెల్టుతో సహా సీటుకి బిగించేసి ఉంటుంది. అయినా అది చెల్లెలి మొగుడి ముక్కు మొదట్లో దిగితే ఎలా ఉంటుందో అక్క రెండుసార్లు ఊహించుకుంది. రెండుసార్లూ చాల్లేదు. ముక్కు విరిగితే అతుక్కుంటుంది, వాడిది మందుల షాపు, దూది వాడి దగ్గరే ఉంటుంది, కట్టు వాడే కట్టుకుంటాడు, అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. అతుక్కోనిది కావాలి. కిటికీ అవతల ప్రొపెల్లర్ తిరుగుతోంది, ఎంత జోరుగా అంటే అక్కడ రెక్కలున్న సంగతే తెలియదు, బూడిదరంగు పొర ఒకటి గాలిలో నిలబడ్డట్టు ఉంటుంది, ఆ పొరలోంచి అవతలి మబ్బులు కూడా కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం శిక్షణలో ఒక ఫొటో చూపించారు. ఎక్కడో సామాన్లు ఎక్కించే మనిషి ఒకడు తొందరలో ఆ పొరలోకి నడిచాడట. ఫొటోలో మనిషి లేడు, రెక్క మీద మరకా, ఇరవై అడుగుల అవతల ఒక బూటూ ఉన్నాయి. ఆ పూట అక్కకి ముద్ద దిగలేదు. ఇవాళ అదే ఫొటోలో మరిదిని నిలబెట్టి చూసుకుంటోంది, ముందు కుడిచెయ్యి, వేళ్ళ దగ్గర్నుంచి మోచేతి దాకా, వాడు చూస్తుండగా, తర్వాత తొందరేం లేదు. పక్కసీటు పెద్దాయన, "అమ్మా, ఆ కిటికీ తెర కాస్త దించుతారా, ఎండ కళ్ళలో పడుతోంది" అన్నాడు. దించింది. తెర వెనక రెక్క తిరుగుతూనే ఉంది, దాని అదురు పాదాల్లోంచి దవడల్లోకి ఎక్కుతోంది.

ఈ విమానం ఎంత దూరం పోతుందో, ఎంతసేపు గాలిలో ఉంటుందో లెక్కకట్టి సంతకం పెట్టింది అక్కే. పద్నాలుగేళ్ళుగా అదే పని. చిన్న ఎయిర్‌పోర్టు, ఒకటే రన్‌వే, టెర్మినల్ మెట్ల కింద గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి మ్యాపు. గాలి ఎటునుంచి వీస్తోంది, అవతలి ఊళ్ళో మబ్బు ఎంత కిందకి దిగింది, మనుషులెంతమంది, సామానెంత, ఇంధనం ఎంత పొయ్యాలి, అన్నీ చూసి ఒక కాగితం తయారుచేస్తే కెప్టెన్ వచ్చి చదువుకుని, తనూ ఒక సంతకం గీకి పట్టుకుపోతాడు. ఈ రెండు ఊళ్ళ మధ్య రోడ్డు మీద పోతే కొండలు చుట్టుకుని, వంతెన కోసం నది వెంట వెనక్కి వెళ్ళి, నాలుగువందల అరవై కిలోమీటర్లు, తొమ్మిది గంటలు. గాలిలో రెండువందల డెబ్భై ఆరు. ముప్పై ఎనిమిది నిమిషాలు. సాయంత్రం నాలుగూ ఆరుకి ఫోన్ మోగేసరికి ఆ కాగితం అప్పుడే ప్రింటర్లోంచి లాగింది, ఇంకా వెచ్చగా ఉంది చేతిలో. "అక్కా" అంది చెల్లెలు, ఆ ఒక్క మాటతోనే నోట్లో రక్తం ఉందని తెలిసిపోయింది, అక్షరాలు తడిగా వచ్చాయి. "బాత్రూంలో ఉన్నానక్కా. గడియ పెట్టుకున్నా. ఫోన్లో రెండు శాతమే ఉంది."

"వాడేడి?"

"బయటే. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఏం మాట్లాడట్లేదు. ఎంతసేపట్లో వస్తావు?"

అక్క కళ్ళు కాగితం మీద ఉన్నాయి, కళ్ళకి కనిపించింది నోరు చదివేసింది. "ముప్పై ఎనిమిది నిమిషాలు. నేనొచ్చి కొట్టేదాకా తలుపు తీయకు."

"ముప్పై ఎనిమిది నిమిషాలు" అని చెల్లెలు మళ్ళీ పైకి అంది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్కో ముక్కా విడదీసి. "చేతికి వాచీ ఉంది. చూసుకుంటూ ఉంటా." ఆ తర్వాత ఫోన్ చచ్చిపోయింది.

అప్పటినుంచీ అక్క కాళ్ళే నడిచాయి గానీ అక్క నడవలేదు. షిఫ్టు పక్కవాడి నెత్తిన పడేసి, మెట్లెక్కి, సెక్యూరిటీ దాటి, విమానం తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరో ఒక ప్రయాణికుడు పెట్టె ఇచ్చేసి తను మాత్రం రాలేదు. మనిషి లేకుండా పెట్టె ఎగరకూడదు, కాబట్టి ఆ పెట్టె దొరికేదాకా పెట్టెలన్నీ దించారు. ఆ రానివాడి సీటే అక్కకి దొరికింది, ఆ రానివాడి మూలానే పద్నాలుగు నిమిషాలు పోయాయి. వాడెవడో గానీ, కాఫీ తాగుతూ కబుర్లలో పడ్డాడో, పెళ్ళాంతో పోట్లాటో, వాడి గొంతు కూడా పిసకాలనిపించింది అక్కకి, ఇవాళ చేతులకి పని ఎక్కువైంది. సీట్లో కూర్చుని పోలీసు నంబరుకి కొట్టింది. మూడోసారికి దొరికిన గొంతు ఏ ఊరు, ఏ వీధి, మీరేమవుతారు, మీరక్కడ లేకుండా మీకెలా తెలుసు అని అడిగింది. అడ్రసు చెప్పగానే, "మందుల షాపాయన ఇల్లేనా?" అంది కొంచెం ఆశ్చర్యంగా. ఆయన మంచాయనే కదండీ అని కూడా అంది. బండి బయటికి వెళ్ళింది, రాగానే పంపిస్తామంది. అప్పుడే ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఫోన్ ఆపమంది, రోజూ అక్కా అక్కా అని పిలిచే పిల్లే, అక్క ముఖం చూసి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

మంచాయనే. అదే కదా వచ్చిన చిక్కు. నాన్నని ఎవరూ మంచివాడనలేదు, అదొక సుఖం. నాన్నది సైకిల్ షాపు, పాత ట్యూబుల్ని నిలువునా కోసి పట్టీలు చేసేవాడు, సామాను కట్టుకోవడానికి అని చెప్పేవాడు గానీ వాటిలో ఒకటి ఎప్పుడూ ఇంట్లో మేకుకి వేలాడుతుండేది. రబ్బరు దెబ్బకి చప్పుడు తక్కువ, వాత ఎక్కువ. అమ్మ వంటింట్లోకి పరిగెత్తేది, అక్కడ ఇంకో తలుపు లేదని తెలిసి కూడా. వీళ్ళిద్దరూ మంచం కిందకి దూరేవాళ్ళు, అక్కకి తొమ్మిది, చెల్లికి ఐదు. చెల్లెలు వణికేది, అలా వణికితే మంచం కోడు గచ్చు మీద కొట్టుకుని చప్పుడయ్యేది, ఆ చప్పుడు నాన్నకి వినిపిస్తే ఏమవుతుందో అక్కకి తెలుసు. అందుకని చెవిలో చెప్పేది, వంద లెక్కపెట్టు, వంద అయ్యేసరికి ఆగిపోతుంది, ఒట్టు. చెల్లెలు లెక్కపెట్టేది. డెబ్భై దాటినా అవతల ఆగకపోతే అక్క చెల్లి నోరు మూసి, నువ్వు మధ్యలో తప్పావు, మళ్ళీ యాభై నుంచి మొదలెట్టు అనేది. ఆ పిల్ల నిజంగానే తప్పాననుకుని మళ్ళీ మొదలెట్టేది. ఎన్నిసార్లు మొదలెట్టించినా ఏనాడూ అక్క లెక్క తప్పలేదు, అక్క వంద అంటే వందకే ఆగిపోయేది, కావాలంటే ఆ పిల్లనే అడగండి. అమ్మ మోచెయ్యి తలుపు సందులో నలిగి విరిగిన రోజు మాత్రం చెల్లెలు రెండొందల నలభై దాకా లెక్కపెట్టింది, ఆ రోజు కూడా తప్పు తనదే అనుకుంది.

విమానం మబ్బులోకి దూరి ఒక్కసారి కిందకి జారింది, ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు, పెద్దాయన సీటు చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అక్క ఏం చేస్తుంది వెళ్ళి? వాడు తలుపు తీసి, రండి వదినగారూ, ప్రయాణం బాగా జరిగిందా అంటాడు. ఎనిమిదేళ్ళుగా అంతే, గొంతు పెంచి మాట్లాడితే ఒట్టు. చెల్లెల్ని కొట్టిన రాత్రే షాపులోంచి తెచ్చిన లేపనం తనే రాస్తాడట, ఇక్కడ నొప్పిగా ఉందా, ఇక్కడ, అని వేలితో నొక్కి అడుగుతూ. కణతల మీద కొట్టడు, వాడికి తెలుసు ఎక్కడ కొడితే ఎన్నాళ్ళకి మానుతుందో. రెండేళ్ళ కిందట చెల్లెలు పెట్టె సర్దుకుని వచ్చేసింది, పదకొండు రోజులుంది, పన్నెండో రోజు వాడు వచ్చి హాల్లో కూర్చుని టీ తాగి, ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు వదినగారూ అని కళ్ళు తుడుచుకుంటే, ఈ వెర్రిమేళం మళ్ళీ పెట్టె సర్దుకుంది. అప్పుడు కొట్టింది అక్క. పడగ్గదిలో, పెట్టె పక్కన, చెంప మీద, బలంగా. బుద్ధుందా నీకు అంటూ. చెల్లెలు చెంప పట్టుకోలేదు, ఏడవలేదు, తల ఒక పక్కకి వంచి భుజాలు దగ్గరికి లాక్కుని రెండో దెబ్బకి సిద్ధంగా నిలబడింది, అలా నిలబడటం ఎంత అలవాటో చూసేసరికి అక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నాన్న చెయ్యి అది, అదే వెడల్పు, బొటనవేలి కింద అదే గట్టి కండ. తర్వాత వారం రోజులు ఆ చేత్తో సంతకం పెట్టాలంటే అసహ్యం వేసింది. ఇవాళ అసహ్యం లేదు. ఇవాళ ఆ చెయ్యి కావాలి, నాన్న దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే, దాన్ని మరిది గొంతు మీద పెట్టి, బొటనవేలు గుంటలో దిగేదాకా నొక్కి, నొప్పిగా ఉందా, ఇక్కడ, ఇక్కడ, అని మెత్తగా అడగాలి.

ఎయిర్‌హోస్టెస్ అడక్కుండానే గ్లాసులో నీళ్ళు తెచ్చిపెట్టింది. దిగాక బయట టాక్సీ దొరుకుతుందా, ఈ టైములో దొరుకుతుంది, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి ఇరవై నిమిషాలు. ఒకసారి వాడే వచ్చాడు తీసుకెళ్ళడానికి, కారేసుకుని, చెల్లెలి కొత్త ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు. ముప్పై ఎనిమిది నిమిషాలే మరిదిగారూ, ఇదిగో అనగా వచ్చేస్తాను అని ఫోన్లో చెప్పింది అక్క. ఆ మాటకి వాడు వెంటనే బయల్దేరి వచ్చి ఎండలో కారు పెట్టుకుని దాదాపు రెండు గంటలు కూర్చున్నాడు. పాపం వాడికేం తెలుసు, ఆఫీసులో అందరూ అలాగే మాట్లాడతారు, రెండు టైములుంటాయి, గేటు టైము, గాలి టైము. చక్రం నేల వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ నేల తాకేదాకా గాలి టైము, దానికే ఇంధనం, దానికే లెక్క, దానికే సంతకం, మిగతా కూర్చోవడాలూ నిలబడటాలూ వీళ్ళ లెక్కలోకే రావు. ఆ రోజు కారులో అదంతా విడమరిచి చెబితే వాడు శ్రద్ధగా విన్నాడు, రెండు ప్రశ్నలు కూడా అడిగాడు, తర్వాత ఇల్లు చేరేదాకా ఒకటే నవ్వు. "అయితే మీవి గాలి నిమిషాలన్నమాట వదినగారూ. మామూలు మనుషుల నిమిషాలు కావు" అన్నాడు. బాగుందే, ఈ మాట ఆఫీసులో చెప్పాలి అని అక్క కూడా నవ్వింది. చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. చెల్లెలు వంటింట్లో ఉంది. భోజనం చల్లారిపోయిందని ఆ రాత్రి దానికి ఏం జరిగిందో ఏడాది తర్వాతగానీ తెలియలేదు.

గ్లాసు పెదవి దగ్గర ఆగిపోయింది. చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. విమానమెక్కని పిల్ల, ముప్పై ఎనిమిది అంటే ముప్పై ఎనిమిదే దానికి, ఫోన్ పెట్టిన క్షణం నుంచి. ఇప్పుడు ఎంతయింది, అయిదూ ఒకటి. నాలుగూ ఆరుకి ఫోన్. ముప్పై ఎనిమిది కలుపు. పద్నాలుగేళ్ళుగా అంకెలు కలిపే బుర్ర ఈ ఒక్కటీ కలపనని మొండికేసింది, అక్క వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి వచ్చింది. నాలుగూ నలభై నాలుగు. చక్రం నేల వదిలింది నలభైకి. అంటే ఆ నిమిషానికి విమానం ఇంకా పైకెక్కుతోంది, అక్క ప్రొపెల్లర్లో మరిది చెయ్యి పెట్టి చూసుకుంటోంది, పెద్దాయనకి ఎండ కొడుతోంది. ఆ నిమిషానికి చెల్లెలు వాచీ చూసుకుని లేచి నిలబడి ఉంటుంది. తను ముప్పై ఎనిమిది అన్నప్పుడు అది పైకి పలికింది. తలుపు అవతల వాడున్నాడు. మాట్లాడకుండా నిలబడ్డాడు, విన్నాడు, వాడొక్కడికే ఈ లోకంలో తెలుసు అవి ఏ నిమిషాలో. వాడు వెళ్ళి కుర్చీ తెచ్చుకుని కూర్చుని ఉంటాడు. తలుపు బద్దలు కొట్టాల్సిన పనేముంది, వాచీ చూసుకుంటే చాలు. సరిగ్గా నలభై నాలుగుకి లేచి, ఆడమనిషి కొట్టినట్టు వేలి కణుపులతో చిన్నగా రెండు దెబ్బలు. ఎవరూ అని అడుగుతుందా? అడగదు. అక్క చెప్పిన టైమయింది, తలుపు చప్పుడైంది, ఇంకెవరొస్తారు.

అక్క లేచింది, పెద్దాయన మోకాళ్ళ మీదుగా, గ్లాసు ఆయన ఒళ్ళో పడింది. ఎయిర్‌హోస్టెస్ ఎదురొచ్చింది. కాగితం, కాగితం ఇవ్వు, అంది అక్క, టిష్యూ మీద అడ్రసు రాసింది, కింద, మా చెల్లెల్ని చంపేస్తున్నారు, కంట్రోల్ టవర్ వాళ్ళతో పోలీసుల్ని పంపించమనండి, ఇప్పుడే, అని రాసింది. పెన్ను రెండుచోట్ల టిష్యూని చింపేసింది. ఆ పిల్ల చదువుతూనే ముందుకి పరిగెత్తింది, కాక్‌పిట్ పక్కన గోడకున్న ఫోన్ తీసి ఒక్కో అక్షరం చదివి వినిపించింది. కాసేపటికి వెనక్కొచ్చి అక్క పక్కనే నేల మీద కూర్చుంది. "చెప్పారక్కా. టవర్ వాళ్ళు పోలీసు పెద్దాఫీసరు ఇంటికే ఫోన్ చేశారట. బండి బయల్దేరిందట." ఆ తర్వాత తల దించుకుని, "కానీ మనం ఇప్పుడే దిగట్లేదక్కా. రన్‌వే మీద ఎదురుగాలి పక్కకి మళ్ళిందట, ముందు ఇంకో విమానం ఉంది, చుట్టూ తిరగమంటున్నారు" అంది.

తిరిగారు. రెక్క ఒక పక్కకి వాలింది, కింద నది, నది పక్కన ఊరు, ఆ ఊళ్ళో ఎక్కడో ఆ ఇల్లు, అన్నీ కిటికీలోకి వచ్చి నెమ్మదిగా వెళ్ళిపోయాయి, మళ్ళీ వచ్చాయి. అంత దగ్గర. ఇంధనం తక్కువుంటే కెప్టెన్ గట్టిగా అడగొచ్చు, ముందు నన్ను దించండి అని, అప్పుడు ఎవరూ కాదనరు. తక్కువ లేదు. సాయంత్రం గాలి మళ్ళుతుందని మధ్యాహ్నమే పసిగట్టి అరగంటకి సరిపడా అదనంగా పోయించింది అక్కే, ఆ జాగ్రత్తకే ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు, ఈవిడ కాగితం ఇస్తే కళ్ళు మూసుకుని ఎగరొచ్చంటారు. అక్క తన ముంజేతిని పళ్ళతో పట్టుకుంది, ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. మరిదిని చంపే పద్ధతులన్నీ ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి, బకిలూ, రెక్కా, బొటనవేలూ, కానీ ఇప్పుడు వాటికి ఎదురుగా ఎవరిని నిలబెట్టినా ముఖం మారిపోతోంది, తన ముఖమే వస్తోంది. వాడు కొట్టాడు సరే, వాడి చేతికి గడియారం ఇచ్చిందెవరు. చుట్టు తిరిగిన ప్రతిసారీ అక్క లోపల ఏదో ఒక ఎముక విరుగుతూ వచ్చింది, పక్కటెముక, దవడ, మణికట్టు, ఏది చెల్లెలిదో ఏది తనదో తెలియలేదు. తొమ్మిది నిమిషాలు తిరిగారు.

అయిదూ ఇరవై ఏడుకి చక్రాలు నేలని బాదాయి. విమానం ఆగకముందే జనం లేచారు, పైనుంచి సంచులు లాగుతున్నారు, అంతా ఒకేసారి ఫోన్లలో, ఆ దిగాం దిగాం అంటున్నారు. అక్క మరిది నంబరుకి కొట్టింది. ఒక్క రింగుకే ఎత్తారు. ఆడగొంతు, కొత్త గొంతు.

"ఎవరండీ?"

"వాళ్ళ అక్కని. మీరెవరు?"

"కానిస్టేబుల్‌ని మేడమ్. మీరు పైనుంచి కబురు పెట్టించారంట కదా, వచ్చి అయిదు నిమిషాలైంది. ఆయన్ని జీపులో కూర్చోబెట్టాం. అంబులెన్సు వస్తోంది." గొంతు తగ్గింది. "అక్క వచ్చిందనుకుని తలుపు తీసిందంట మేడమ్. మనిషి ఉంది. తెలివిలోనే ఉంది. కంగారు పడకండి."

"దానికివ్వండి. ఒక్క మాట."

"ఇస్తాను. కానీ ఎడమ చెవి పూర్తిగా పోయినట్టుంది, రెండోదీ సరిగా లేదు. కాస్త గట్టిగా మాట్లాడండి."

గరగరమని చప్పుడు. ఎవరో ముక్కుతో కాక నోటితో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. ఆ ఊపిరిని అక్క మంచం కింద ఉన్నప్పటినుంచీ ఎరుగును.

"అక్కా" అంది చెల్లెలు. మాటలు ఒకదానికొకటి అంటుకుపోయి వస్తున్నాయి, పళ్ళు లేనిచోట గాలి పోతోంది. "నేను... తొందరపడ్డానా అక్కా? వాచీ... మూడుసార్లు చూసుకున్నా."

"లేదమ్మా" అంది అక్క.

"ఆఁ?"

"లేదమ్మా. నువ్వు సరిగ్గానే చూసుకున్నావు."

"వినపడట్లేదక్కా. తప్పు... చూసుకున్నానా?"

నడవలో నిలబడ్డ జనం మధ్య, ముందుకీ వెనక్కీ కదలడానికి చోటు లేక, అక్క ఫోనుని రెండు చేతులతో నోటికి అదుముకుని, గొంతులో నరాలు తెగిపోతాయేమో అన్నంత గట్టిగా అరిచింది. "నువ్వు కాదు! తప్పు నాది! నేనే తప్పు చెప్పాను!"

విమానంలో డెబ్భై మందీ చేస్తున్న పని ఆపి ఆవిడ వైపు చూశారు. అవతలినుంచి చెల్లెలు, "ఆఁ? ఏంటక్కా?" అని మళ్ళీ అడిగింది, అక్క మళ్ళీ అరిచింది.